పార్కింగులో నల్ల మరక

నేను ఒక పాత కారును. నన్ను 'పాత' అంటే మా మార్తాండరావుకు కోపం. 'క్లాసిక్' అనాలట. రెండింటికీ తేడా ఏమిటంటే, పాత కారు నడిరోడ్డు మీద ఆగిపోతే జనం తిట్టుకుంటారు, క్లాసిక్ కారు ఆగిపోతే పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. నెట్టడానికి మాత్రం రెండింటికీ ఎవరూ రారు.

ఎక్కడో ఉత్తరాన ఉన్న ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. మొదట నన్ను కొన్నది ఒక జనపనార మిల్లు మేనేజరు. ఆయన నా మెత్తటి వెనక సీట్లో జారగిలబడి కార్మికుల కష్టాల మీద ఉపన్యాసాలు తయారు చేసుకునేవాడు. తరవాత విజయనగరంలో ఒక సినిమా పంపిణీదారు చేతికి వచ్చాను. రీళ్ల పెట్టెలు మోసి మోసి నా స్ప్రింగులు కుంగిపోయాయి. ఆ సినిమాలు ఆడక ఆయనా కుంగిపోయాడు. చివరికి నన్ను షెడ్డులో వదిలేస్తే కోళ్లు వచ్చి నా సీట్ల మీద గుడ్లు పెట్టుకున్నాయి. ఆ సీట్ల మీద జరిగిన పనుల్లో అంత ఉపయోగకరమైనది మరొకటి నాకు గుర్తు లేదు.

అక్కడి నుంచి నన్ను విశాఖపట్నం తెచ్చినవాడు గంటి మార్తాండరావు. ఇన్సూరెన్సు సర్వేయరు. ప్రమాదం జరిగిన బండి దగ్గరికి వెళ్లి, చుట్టూ తిరిగి చూసి, తప్పు యజమానిదేనని తేల్చి రావడం ఆయన ఉద్యోగం. ఎవరి బండిలో ఏ లోపం ఉందో చిటికెలో పట్టేస్తాడని పేరు. ఎవరి బండిలోనైనా సరే, తన బండిలో తప్ప.

ఒక ఏడాది బీచి రోడ్డులో పాత కార్ల ప్రదర్శన పెట్టారు. నన్ను తోమి, రుద్ది, బానెట్ ఎత్తి చూసుకుని మురిసిపోతున్న మార్తాండరావు కంటికి ఇంజను పక్కనున్న చిన్న గొట్టం ఒకటి వికారంగా కనిపించింది. నల్లగా, జిడ్డుగా, కాస్త పొగ వాసనతో. ఇంజను లోపల పుట్టే వేడి గాలి బయటికి పోయేది దాంట్లోంచే. అది నా ముక్కు అనుకోండి. మార్తాండరావు దానికి తళతళలాడే ఇత్తడి మూత ఒకటి చేయించి గట్టిగా బిగించాడు. ముక్కు మూసుకుని నిలబడ్డందుకు నాకు రెండో బహుమతి ఇచ్చారు. మొదటి బహుమతి అసలు ఇంజనే లేని కారుకు పోయింది.

మూత అలాగే ఉండిపోయింది. పైకి పోయే దారి లేక లోపలి గాలి నూనెను సందుసందులోంచీ బయటికి తొయ్యడం మొదలుపెట్టింది. నా కింద, అపార్టుమెంటు పార్కింగులో, ఒక నల్ల మరక పడింది. మొదట అరచేయంత, ఆ తరవాత విస్తరంత.

చుక్క కింద పడుతోంది కాబట్టి లోపం కిందే ఉంటుందని మార్తాండరావు తీర్మానించాడు. షెడ్డుకు తీసుకెళ్లి ఇంజను అడుగున నూనె కారకుండా వేసే ప్యాకింగు మార్పించాడు. కారింది. ఇంకో షెడ్డులో మళ్లీ మార్పించాడు. ఇంకా బాగా కారింది. ఆదివారాలు బానెట్ ఎత్తగానే అపార్టుమెంటు మగవాళ్లంతా చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ చేరేవారు. సైకిలు తొక్కడం కూడా రానివాడు నా ఇంజనులోకి తొంగిచూసి, "దీని తత్వమే అంతండీ" అనేవాడు. అందరూ తలలు ఊపి టిఫిన్లకు వెళ్లిపోయేవారు. వాచ్‌మన్ గౌరునాయుడు మాత్రం మరక మీద ఇసక పోస్తూ, "ఎంత ఏసినా తేలిపోతంది బాబూ" అని గొణిగేవాడు.

నాకు ఎదురుగా కింది వాటాలో రాజ్యలక్ష్మిగారు ఉంటారు. వయొలిన్ టీచరు. ఆవిడ కిటికీ నా దీపాలకు ఎదురుగానే ఉంటుంది కాబట్టి సరళీ స్వరాలు నాకు మార్తాండరావు కంటే బాగా వచ్చు. ఒక వానాకాలం ఉదయం ఆవిడ పాల ప్యాకెట్లు తీసుకుని వస్తూ నా పక్కన కాలు జారి పడ్డారు. పడకుండా ఆపుకోబోయి కుడిచేయి నేలకు ఆన్చారు. వయొలిన్ కమాను పట్టే చేయి. మణికట్టు విరిగింది.

మార్తాండరావు భార్య హైమవతి ఆసుపత్రిలో నర్సు. పరుగున వచ్చి, అట్టముక్క ఆన్చి తన చున్నీతో ఆ చేతికి కట్టు కట్టి, ఆటోలో తీసుకెళ్లింది. ఈలోపల మా సర్వేయరుగారు గౌరునాయుడితో, "ఈ నూనె స్కూటర్లది" అని చెప్పి పైకి వెళ్లిపోయాడు.

సాయంత్రం హైమవతి నా పక్కనే ఆయన్ను పట్టుకుంది.

"ఆవిడ మళ్లీ వాయిస్తారో లేదో తెలీదంటున్నారు. అది మన నూనేనా?"

"ఎలా చెబుతాం? ఇక్కడ బోలెడు బళ్లున్నాయి. కారణం నిర్ధారణ కావాలి."

"అయితే నిర్ధారించండి. రోజూ ఊళ్లో అందరి బళ్లకీ చేస్తారుగా."

ఆ ఆదివారం హైమవతి చీర కుచ్చెళ్లు దోపుకుని, కిరోసిను డబ్బా, పాత బ్రష్షూ పట్టుకుని వచ్చింది. "గాయం కడగకుండా రక్తం ఎక్కణ్నించి వస్తోందో ఎలా తెలుస్తుంది?" అంటూ నా ఇంజనంతా కడిగించింది. ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు చల్లింది. ఇంత పాత ఇంజనుకు ఈ వయసులో అలంకారం ఏమిటా అని నాకు సిగ్గేసింది. కింద శుభ్రమైన అట్ట పరిచి, "స్టార్టు చెయ్యండి" అంది.

కాసేపటికి తెల్లటి పౌడరు మీద నల్లటి గీత ఒకటి దిగింది. కిందనుంచి కాదు, ఇంజనును పైన కప్పే పెద్ద మూత అంచు నుంచి. తరవాత ముందువైపు ఒకటి. వెనకవైపు మరొకటి. అన్నీ కలిసి అడుగుకు జారి అట్ట మీద పడ్డాయి.

"అన్ని ప్యాకింగులూ ఒక్కసారి ఎలా పోతాయి?" అన్నాడు మార్తాండరావు.

"పోలేదేమో. ఒత్తిడి ఎక్కువైతే మనిషికి ముక్కులోంచి రక్తం కారుతుంది. ముక్కుకి మందు రాస్తే ఏం లాభం? దీనికి లోపలి గాలి ఎటు పోతుంది?"

మార్తాండరావు చూపు ఇత్తడి మూత మీద పడి అక్కడే ఉండిపోయింది. ఇంజను ఆపి, మూత విప్పాడు. ఇన్నాళ్లూ బిగబట్టిన ఊపిరి ఆయన ముఖం మీదే వదిలాను. కళ్లజోడు నిండా నూనె తుంపరలు పడ్డాయి. అంత సంతోషం నాకు ఆ రెండో బహుమతి కూడా ఇవ్వలేదు.

ఆయన పక్కనున్న ఇటుక మీద కూలబడ్డాడు. "దీన్ని నేనే పెట్టాను, హైమా" అన్నాడు.

తరవాత పని చకచకా జరిగింది. గొట్టాన్ని తెరిచే ఉంచి, ఇంజను పైమూత ఊడదీసి, ఎండి పెళుసెక్కిన ప్యాకింగును తనే గీకి తీసి, కొత్తది వేసి, బోల్టులు ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా బిగించాడు. మర్నాడు అట్ట పొడిగా ఉంది. మార్తాండరావు దాన్ని రెండు వైపులా తిప్పి చూసుకున్నాడు.

"లీకు ఆగిపోయింది. ఇక ఎవరితో చెప్పి మాత్రం ఏం ప్రయోజనం?" అన్నాడు.

హైమవతి దువ్వెన అందుకుంది. "రాజ్యలక్ష్మిగారు ఒంటిచేత్తో జడ వేసుకోలేరు. వేసి వస్తాను" అని వెళ్లింది. ఆయన అట్ట పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. తప్పు ఒప్పుకోవాలనేసరికి, తన ఉద్యోగంలో ఎందరి ముఖాల్లోనో చూసిన భయమే ఆయనకూ పట్టుకుంది. ఎదుటివాళ్లలో చూసినప్పుడు తేలికగానే ఉండేది. చివరికి ఆయన కూడా టీచరుగారి వాటాలోకి వెళ్లాడు. కిటికీలోంచి నాకు అంతా వినబడింది.

"టీచరుగారూ, ఆ నూనె నా కారుదే. ఆ లోపం కూడా నేను చేసిందే."

"ఆ సంగతి నాకు పడ్డ రోజే తెలుసండీ. పడ్డాక నా కళ్లకు మొదట కనబడింది మీ కారు అడుగే కదా. చుక్కలు పడుతూనే ఉన్నాయి."

"మరి అడగలేదేం?"

"మీరే వస్తారని చూశాను. బాగా ఆలస్యం చేశారు."

మార్తాండరావు తల వంచుకున్నాడు. హైమవతి జడ అల్లడం ఆపలేదు.

కట్టు విప్పాక మణికట్టు బిగుసుకుపోయింది. కమాను సగం దాకా వెళ్లి ఆగిపోయేది. వ్యాయామానికి ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లడం మార్తాండరావు తన మీద వేసుకున్నాడు. అక్కడ ఆవిడ చేతికి ఒక రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నారు. ఆవిడకు విసుగొచ్చింది. కొంతకాలానికి బరువైన పనులు చెయ్యొచ్చని డాక్టరు చెప్పిన రోజు, తిరిగి వస్తుంటే, ఖాళీ మైదానం పక్కన నన్ను ఆపించారు.

"ఈ చక్రం తిప్పడం కష్టమా?"

"చాలా బరువండీ. పాత బండి కదా."

'పాత' అన్నాడు. నేను స్పష్టంగా విన్నాను.

"అయితే నాకు నేర్పండి. బంతి కంటే నయం."

ఇన్నేళ్లలో హైమవతిని కూడా తాకనివ్వని స్టీరింగు అది. మార్తాండరావు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, పక్క సీట్లో కూర్చున్నాడు. రాజ్యలక్ష్మిగారు క్లచ్చు సగమే తొక్కి గేరు వేశారు. నా లోపల పళ్లన్నీ నూరుకుని పెట్టిన కేకకు చెట్టు మీది కాకులు లేచిపోయాయి. మార్తాండరావు నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

"అపస్వరం పలికింది. ఇంకోసారి వేస్తాను" అన్నారు ఆవిడ.

"వెయ్యండి టీచరుగారూ" అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆవిడ వేశారు. ఈసారి గేరు పడింది.