కూర్చోని మనిషి

ఐదో అంతస్తులో జాలీ తలుపు లాగి, ఇద్దరు గుమాస్తాలను దింపి, లిఫ్టాయన బరువును ఎడమకాలి మీంచి కుడికాలి మీదికి మార్చుకున్నాడు. ముప్పయ్యొక్కేళ్లుగా ఆయనెరిగిన విశ్రాంతి అదొక్కటే. సాయంత్రమయ్యేసరికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టేవి కావు. “నువ్వు నిలబడే పుట్టుంటావు,” అని భార్య ఎగతాళి చేసేది.

ఇవాళ్టితో ఉద్యోగం సరి. సాయంత్రం వీడ్కోలు సభలో వెయ్యడానికి ఆఫీసు ఒక చిన్న డాక్యుమెంటరీ తీయిస్తోంది: పాత ఉద్యోగులు, వాళ్లు రోజూ వాడే వస్తువులు, ఆ వస్తువుల వెనక కథలు. టైపిస్టు కళ్లజోడు అయింది. తోటమాలి కత్తెర అయింది. ఇప్పుడు ఈయన వంతు.

కెమెరా పిల్ల లిఫ్టులోకి వచ్చింది. వెనకే మేనేజరు, చేతిలో మఖమల్ దిండున్న కొత్త స్టూలుతో.

“కూర్చోండి పెద్దాయనా. ఇన్నేళ్లూ నాకు తోడున్న స్టూలిది అని చెప్పండి, చాలు.”

ఆయన ఒళ్లు భగ్గుమంది. స్టూలు ఇప్పించమని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. మూడోసారి ఈ మేనేజరే, “కూర్చుంటే కునుకొస్తుందయ్యా,” అంటూ కాగితం మడిచి తిరిగి ఆయన జేబులోనే దోపాడు.

“ఇది నాది కాదు.”

“ఎవరిదైతే ఏంటండీ? రెండు నిమిషాల పని.”

“రెండు నిమిషాలకి దొరికింది, ముప్పయ్యొక్కేళ్లు దొరకలేదేం? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటారా?”

మేనేజరు ముఖం మాడిపోయింది. కెమెరా పిల్ల మెల్లగా అడిగింది: “మరి మీదేది బాబాయ్?”

ఆయన గోడకు ఆనుకుని ప్యాంటు మోకాలిదాకా మడిచాడు. పిక్క చుట్టూ ఉన్న గుడ్డపట్టీ విప్పుతుంటే, వానపాముల్లా మెలికలు తిరిగిన నీలినరాలు బయటపడ్డాయి.

“మా ఆవిడ దుప్పటి చింపి కుట్టింది. రోజూ పొద్దున్నే తనే చుట్టేది. నిరుడు తను పోయాక నేనే చుట్టుకుంటున్నా. సరిగ్గా రాదు నాకు. తియ్యమ్మా, బాగా దగ్గర్నుంచి తియ్యి.”

“ఆపు! అది సభలో వేసేది!” అరిచాడు మేనేజరు.

ఆ పిల్ల ఆపలేదు.

“సభలో ఇదే చూపించండి,” అంటూ పట్టీని స్టూలు మీద పెట్టి ఆయన బయటికొచ్చాడు. ఉండమని ఎవరో బతిమాలారు. “నా బదులు ఆ స్టూలుకి చెయ్యండి సన్మానం,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ కుంటుకుంటూ దిగిపోయాడు.

మఖమల్ దిండు మీద పట్టీ ఇంకా పిక్క వంపు మరవకుండా చుట్ట చుట్టుకుని ఉంది, అంచు పొడవునా తెల్లదారపు కుట్లు ఒక్కటీ ఊడకుండా.