ఓనర్ పేరు

ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూనే ఆ కంప్యూటర్ కూడా చూసుకోవచ్చు కదా అంది మా అత్తయ్య రత్నమణి. ఎత్తిపొడుపుగా అనలేదు, నిజంగానే అలా కుదురుతుందని ఆమె నమ్మకం. పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన బస్తా మా జగ్గయ్యపేట ఇంటి వరండాలో పరిచి ఉంది. సాయంత్రానికి కారం పట్టించాలి. వేళ్ళు మండుతుంటే మణికట్టుతో మౌస్ జరుపుకుంటూ కూర్చున్నాను.

మా ఆయన బెన్ని నందిగామలో ప్రైవేటు స్కూలు టీచరు. మూడేళ్ళ కిందట వెబ్ డిజైన్ కోర్సులో చేరి, రెండు వారాలకే విసుగెత్తి వదిలేశాడు. డబ్బు కట్టేశాం కదా అని మిగతా పాఠాలు వంట చేసుకుంటూ నేను విన్నాను. పని వచ్చింది మాత్రం ఆయన పేరు మీద. ఇంట్లో ఆడవాళ్ళు చేస్తున్నారంటే టైంపాస్ అనుకుంటారు, నా పేరుంటే సీరియస్‌గా చూస్తారు అన్నాడు. నేను సరేనన్నాను. అలా అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. మీటింగుల్లో ఆయన కూర్చుంటాడు, ఏం చెప్పాలో నేను కాగితం మీద రాసిస్తాను. చర్చిలో అందరి దృష్టిలో బెన్ని రెండు ఉద్యోగాలు చేసే కష్టజీవి, నేను ఇంట్లో ఖాళీగా ఉండే అదృష్టవంతురాలిని.

మేం పనిచేసేది విజయవాడలో ఒక కంపెనీకి. మేం అంటే నేను. లారీ ఎక్కడుందో, లోడింగ్ దగ్గర ఎంతసేపు ఆగిందో ఫోన్‌లో చూపించే సాఫ్ట్‌వేర్ వాళ్ళు అమ్ముతారు. ప్రకటన నొక్కినవాళ్ళు ముందుగా వచ్చి చూసేది ల్యాండింగ్ పేజీ. పాత పేజీలో టై కట్టుకుని నవ్వే ఎవరో విదేశీయుడు, పదకొండు గొప్పలు, నాలుగు బటన్లు, తొమ్మిది గళ్ళ ఫారం ఉండేవి. దేన్ని నొక్కాలో తెలియక జనం వెనక్కి పోయేవాళ్ళు. ఫారం నింపిన కొద్దిమందికీ ఫోన్ చేసి, ఓనర్ పేరు గడిలో ఉన్నట్టు "హఫీజున్నీసా గారాండి?" అంటే, మగగొంతు రాంగ్ నంబర్ అని పెట్టేసేది. కంపెనీ వాళ్ళు అవన్నీ దొంగ వివరాలని కొట్టేశారు. నాకు నవ్వొచ్చింది. ముక్త్యాల సిమెంటు తోలే బళ్ళు, లోనుకో సెంటిమెంటుకో, చాలావరకు భార్యల పేరు మీదే ఉంటాయి. మొగుడు ఫారంలో ఆర్సీలో ఉన్న పేరు రాసి తన నంబరు ఇస్తాడు. తీరా ఎవడో పరాయి మగాడు తన పెళ్ళాం పేరు పెట్టి అడిగితే చిర్రెత్తుకొచ్చి కట్ చేస్తాడు.

అదే నంబరుకు నేను చేశాను. అన్నయ్యా, కాస్త హఫీజున్నీసా గారికి ఇస్తారా అంటే ఆమె భర్త షబ్బీర్ మారుమాట్లాడకుండా ఇచ్చాడు.

"బండి నా పేరు మీద ఉందని ఆర్సీ చూస్తేనే గుర్తొచ్చుద్ది మేడమ్," అందామె. "ఒకటి మా ఆయన తోలతాడు, రెండోది డ్రైవర్. ఎక్కడున్నారు, తిన్నారా, టైరు మార్చారా అని రోజంతా ఫోన్లు చేసేది మాత్రం నేనే."

పేజీ మొత్తం చెరిపేశాను. పైన ఒకటే వాక్యం రాశాను: లారీ ఎక్కడుందని పదిసార్లు ఫోన్ చెయ్యక్కర్లేదు. కింద ఒకటే గడి: ఇంట్లో బండి సంగతులు చూసుకునేవారి నంబరు. ఒకటే బటన్. నెలకు నలభై దాటని నంబర్లు వారంలో తొంభై వచ్చాయి. ఫోన్ చేస్తే ఎత్తుతున్నారు, ఎత్తేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

ఈ ఉదయం మేనేజర్ వరప్రసాదరావు గారు వీడియో కాల్‌లో బెన్నిని తెగ మెచ్చుకున్నారు. ఇంటి నుంచే పని, పర్మనెంట్ ఉద్యోగం ఇస్తామన్నారు. ఒక్క గడే ఎందుకు ఉంచారని అడిగారు. బెన్ని మైకు ఆపి వరండాలోకి చూశాడు. నేను హఫీజున్నీసా సంగతంతా చెప్పాను. ఆయన మళ్ళీ మైకు ఆన్ చేసి, ఎవరో ఒక లేడీ చెప్పిందండీ అన్నాడు. భలే పట్టుకున్నారండీ అన్నారు మేనేజర్ గారు. ఆధార్‌లో ఉన్న పూర్తి పేరు కావాలి, భోజనాలయ్యాక ఫోన్ చేసి రాసుకుంటానన్నారు.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ ఉద్యోగం నా పేరున రాయించమన్నాను. బెన్ని నిజంగానే ఆశ్చర్యపోయాడు. మూడేళ్ళ తర్వాత ఇప్పుడు చెబితే తన పరువేం కావాలన్నాడు. స్కూలు మానే ఉద్దేశం ఆయనకు లేదు. లెటర్ తనకి, పని నాకు, ఇన్నాళ్ళూ నడిచినట్టే నడుస్తుందని అనుకున్నాడు. మొగుడూపెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏమిటంది అత్తయ్య. నేను వినేలా లేనని తెలిసి బెన్ని మెత్తబడ్డాడు. వచ్చి నా పక్కన కూర్చుని, ఎన్నడూ లేనిది ఒక మిరపకాయ తీసుకుని తొడిమ తుంచాడు.

"మనిద్దరిలో ఎవరి పేరైతే ఏముంది జాయిస్?"

"ఏమీ లేకపోతే నా పేరే చెప్పండి."

ఆయన తుంచిన మిరపకాయను కుప్పలో వేసి చేతులు దులుపుకున్నాడు. లోపల ఫోన్ మోగింది. బెన్ని లేచేలోపు నేనే వెళ్ళి ఎత్తాను.

"పూర్తి పేరు చెప్పండి బెన్ని గారూ, రాసుకుంటాను," అన్నారు వరప్రసాదరావు గారు.

"ఆయన కాదండి, ఆ పేజీ చేసినదాన్ని మాట్లాడుతున్నా. రాసుకోండి."