ట్రాయ్ పేరు రాసిన శిలువ

మా ఆయన మెర్ల్ అబద్ధమాడడు. ఇదేదో పొగడ్త అనుకునేరు, కాదు. ఇన్నేళ్లు కాపురం చేసి చెబుతున్నాను, అబద్ధమాడని మగాడితో బతకడం కంటే తాగుబోతుతో బతకడం నయం. తాగుబోతు కనీసం పొద్దున లేచాకైనా క్షమించమంటాడు.

మా అబ్బాయి ట్రాయ్ పోయాక పాడి ఆవుల్ని అమ్మేసి, మంచం, పొయ్యి, కక్కసు అన్నీ ఇమిడిన ఒక పాత క్యాంపర్ బండి కొన్నాం. దేశం చూద్దామన్నాడు మెర్ల్. మా అయోవా రాష్ట్రం దాటితే నిద్రపట్టని మనిషి దేశం చూద్దామన్నాడంటే అది ఊళ్లో ఉండలేక అన్న మాటే. నేనూ ఊళ్లో ఉండలేకే సరేనన్నాను. మా ఊరి కోర్టు ముందు నల్లరాతి మీద యుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లు చెక్కి ఉంటాయి. ట్రాయ్ పేరు కూడా చెక్కమని నేను అడిగితే, కమిటీ పెద్దలు గొంతు సవరించుకుని, ఆ రాయి యుద్ధంలో పోయినవాళ్లకే అన్నారు. మావాడు రెండుసార్లు ఇరాక్ యుద్ధానికి వెళ్లాడు, రెండుసార్లూ తిరిగొచ్చాడు. రెండోసారి వచ్చాక ఏడాది తిరక్కుండానే మా గరాజ్‌లో తన ప్రాణం తనే తీసుకున్నాడు. "అది యుద్ధం కాకపోతే మరేంటయ్యా?" అని నేను గొంతు చించుకుంటుంటే, నా పక్కన టోపీ ఒళ్లో పెట్టుకుని కూచున్న ఈ సత్యసంధుడు, "వాళ్లు చెప్పేదీ సబబేలే రోండా" అన్నాడు. ఆ రోజునుంచి మా ఇద్దరి మధ్యా మాటలున్నాయి గానీ మాట్లాడుకోవడం లేదు.

సరే, దేశం చూశాం. ఏం చూశాం? జెండాలు చూశాం. పెట్రోలు బంకు మీద జెండా, పరుపుల దుకాణం మీద జెండా, పాత కార్లు అమ్మేచోట ఇల్లంత జెండా. బీరు డబ్బాల మీద, మగాళ్ల చెడ్డీల మీద కూడా జెండాయే. రోడ్డు పక్క బోర్డు మీద "యేసు నిన్ను ప్రేమిస్తున్నాడు" అని ఉంటుంది, దాని పక్క బోర్డు మీద పంది పక్కటెముకలు ఎక్కడ బాగుంటాయో ఉంటుంది. ఇంత భక్తీ ఇంత దేశభక్తీ ఉన్న దేశంలో నా కొడుక్కి మాత్రం జానెడు చోటు లేదు. ఆ మాట పైకి అంటే మెర్ల్ రేడియో శబ్దం పెంచేవాడు.

రాత్రిళ్లు బండి నిలిపే క్యాంపుల్లో కలిసినవాళ్లంతా మంచివాళ్లే, అదే వచ్చిన చిక్కు. మెర్ల్ నెత్తిన ట్రాయ్ దళం టోపీ ఉంటుంది కదా, అది చూసి, "మీరు చేసిన సేవకి చాలా థాంక్సండీ" అంటూ చెయ్యి పట్టుకుని ఊపేసేవాళ్లు.

"నేను కాదండీ, మా అబ్బాయి."

"ఓహో! ఇప్పుడెక్కడున్నాడు?"

"పోయాడండీ."

"అయ్యయ్యో! దేశం కోసం ప్రాణాలు..."

"లేదండీ. ఇంటికొచ్చాకే, తనే తీసుకున్నాడు."

అంతే. ఊపుతున్న చెయ్యి ఠక్కున ఆగిపోయేది. రేపు వాన పడుతుందేమోనండీ అనేవాళ్లు. మెర్ల్ తలెత్తి మబ్బుల్ని చూసి, పడొచ్చండీ అనేవాడు. నాకేమో ఒళ్లు మండిపోయేది. ఒక్కసారి, ఒక్కసారి నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయిందయ్యా?

దక్షిణ డకోటాలో అధ్యక్షుల ముఖాలు చెక్కిన కొండ దగ్గరా ఇదే వరస. జెండా దించే వేళ, సైన్యంలో చేసినవాళ్లంతా వేదిక మీదికి రండి, మీ పేర్లు చెప్పండి అని మైకులో పిలిచారు. ముసలాళ్లూ కుర్రాళ్లూ ఒక్కొక్కరే వెళ్లి పేరు చెబుతుంటే జనం చప్పట్లు. "వెళ్లు మెర్ల్, మనవాడి పేరు చెప్పిరా" అని మోచేత్తో పొడిచాను. "నేను సైన్యంలో చెయ్యలేదు కదా" అన్నాడు. ఆ ముఖాల్ని చెక్కిన రాయి ఇతగాడి కంటే మెత్తనేమో అనిపించింది.

ఆ తర్వాతి ఆదివారం వయోమింగ్‌లో ఒక చిన్న ఊళ్లో ఆగాం. ఏ ఊళ్లో ఉన్నా ఆదివారం చర్చికి వెళ్లి తీరాలి, అది మెర్ల్ నియమం. ఆ మర్నాడు సోమవారం అమరుల దినం. చర్చి ముందు పచ్చికలో మోకాలెత్తు తెల్లచెక్క శిలువలు వరసలు వరసలుగా పాతి ఉన్నాయి. ఒక్కో శిలువ మీద ఒక్కో పేరు, దాని మొదలు దగ్గర ఒక చిన్న జెండా. మెర్ల్ క్యాంపర్‌ను కంకర మీద సర్ది నిలపడానికి ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు. నేను ముందే దిగి పచ్చిక దగ్గర నిలబడిపోయాను.

గుమ్మం పక్కన బల్ల వేసుకుని ఒకావిడ నల్లరంగు డబ్బా, సన్నటి కుంచె పెట్టుకుని కూచుంది. నా వయసే ఉంటుంది. పేరు ట్వైలా అని చెప్పింది.

"ఎక్కణ్నుంచి వచ్చారు సిస్టర్?"

"అయోవా."

"అంత దూరం నుంచే! మీకెవరైనా ఉన్నారా?" అని శిలువల వైపు చూపించింది. "బయటి ఊళ్లవాళ్లకైనా రాస్తాం. దేవుడి పచ్చికలో మా ఊరు మీ ఊరు ఏముంది?"

"ఉన్నాడు. మా అబ్బాయి."

"ఏ యుద్ధం?"

"ఇరాక్."

ఇందులో అబద్ధం ఏముందో చెప్పండి. ఆవిడ ఇంకేమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలిక కొద్దిగా బయటపెట్టి, బడిపిల్లలా ఒద్దికగా రాసింది: ట్రాయ్ వెస్లీ స్టకీ. తనే తీసుకెళ్లి ఆఖరి వరసలో పాతింది.

"ఈ పక్కనున్నది మావాడు, కోల్" అంది. "తోడుగా ఉంటాడు మీవాడికి."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నన్ను గట్టిగా కావలించుకుంది. ఆవిడ దగ్గర రంగు వాసన, ఉల్లిపాయల వాసన. ట్రాయ్ పోయాక నన్ను అలా ఎవరూ పట్టుకోలేదు.

ప్రార్థన చివర పాస్టరు శిలువల మీది పేర్లు చదివాడు. కుర్రాడే, మెడ దగ్గర గడ్డం గీసుకున్న గాటు ఇంకా ఎర్రగా ఉంది. పేరు చదివినప్పుడల్లా వెనకనించి ఒక గంట. కోల్ పేరు, గంట. తర్వాత "ట్రాయ్ వెస్లీ స్టకీ" అన్నాడు. గంట మోగింది. ఆ చర్చినిండా జనం నా కొడుకు కోసం తల వంచారు. ఆ క్షణంలో నాకు కలిగినది సంతోషం అంటే మీరు నమ్మరు, కానీ అదే. మెర్ల్ నా చేతిలోంచి తన చెయ్యి లాక్కున్నాడు.

"రోండా, ఏం చేశావ్?" అన్నాడు గుసగుసగా.

"నువ్వు చెయ్యనిది చేశాను. నోరు మూసుకుని కూచో."

ప్రార్థన అయ్యాక కింద హాల్లో అందరూ ఇళ్లనుంచి తెచ్చినవి పంచుకుని భోజనాలు. కాల్చిన హామ్, బంగాళాదుంప సలాడ్, తియ్యటి బీన్స్. వెళ్లిపోదాం పద అన్నాను. ఆ ఊరివాళ్లు వెళ్లనిస్తేనా? అతిథులు, పైగా అమరుడి తల్లిదండ్రులు! మమ్మల్ని తీసుకెళ్లి పాస్టరు పక్కన కూచోబెట్టారు. ఎదురుగా ట్వైలా, ఆవిడ పక్కన చెవిలో మిషను పెట్టుకున్న ఒక పెద్దాయన.

నేను బల్ల కింద మెర్ల్ కాలు తొక్కిపట్టి ఉంచాను.

"బ్రదర్, మీ అబ్బాయి ఎక్కడ నేలకొరిగాడు?" అని పెద్దాయన గట్టిగా అడిగాడు. చెముడు మనిషి, హాలంతా వినబడింది.

మెర్ల్ ఫోర్కు కింద పెట్టాడు. నోరు తుడుచుకున్నాడు. నేను కాలు ఇంకా గట్టిగా తొక్కాను.

"మా గరాజ్‌లో అండీ" అన్నాడు. "ఇంటికొచ్చేశాక. తనంతట తనే. శిలువ రాయించింది మా ఆవిడ. నాకు తెలీదు, తెలిస్తే వద్దనేవాణ్ని. క్షమించండి."

వంటింట్లో ఎవరో కొళాయి కట్టేశారు.

పాస్టరు నా భుజం మీద చెయ్యి వేశాడు. "సిస్టర్, దేవుడి కరుణకి హద్దుల్లేవు. మీ అబ్బాయి కోసం మేమంతా ప్రార్థిస్తాం. కానీ ఆ పచ్చిక..."

"ఆ పచ్చికకి హద్దులున్నాయంటారు."

"అది కాదమ్మా. ప్రాణాలర్పించినవాళ్ల కుటుంబాలు చూస్తుంటాయి కదా. వాళ్ల మనసులు..."

"నా మనసు గడ్డి మేస్తోందా పాస్టర్ గారూ? మావాడు అక్కడే చచ్చిపోయాడు. ఒళ్లు మాత్రం విమానమెక్కి ఇంటికొచ్చింది. జులై నాలుగున, స్వాతంత్ర్య దినం నాడు, పక్కింటి పిల్లలు టపాకాయలు కాలిస్తే ట్రక్కు కిందకి దూరి, తెల్లారేదాకా బయటికి రాలేదు. ఒక్క ఏడాది ముందు పోయుంటే మీకు సరిపోయేదా? చెప్పండి, ఏ నెలలో పోతే శిలువ ఇస్తారు?"

అప్పుడు ట్వైలా లేచింది. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"మా కోల్ బూట్లు విప్పకుండా పోయాడు" అంది. "డ్యూటీలో పోయాడు. మీవాడి మీద జాలి పడతాను సిస్టర్, కానీ మావాడి పక్కన ఉండటానికి ఒప్పుకోను. పాస్టర్ గారూ, ఆ శిలువ తీసేయండి."

తోడుగా ఉంటాడన్న నోరే. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. "నా చేతులు పడిపోలేదు, నేనే తీసుకుంటాను" అని కుర్చీ వెనక్కి నెట్టి బయటికొచ్చేశాను. మెర్ల్ వెనకాలే వచ్చి, వెళ్లి క్యాంపర్‌లో స్టీరింగు ముందు కూచున్నాడు.

పచ్చిక మీద గాలి కొడుతోంది, చిన్న జెండాలన్నీ ఒకే వైపు రెపరెపలాడుతున్నాయి. ఆఖరి వరస దగ్గరికి వెళ్లి వంగబోతుంటే వెనకనించి అడుగుల చప్పుడు. ట్వైలా. పరిగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది.

"ఇంకేం కావాలమ్మా నీకు? తీసేస్తున్నాను కదా" అన్నాను.

ఆవిడ చర్చి తలుపు వైపు చూసింది. ఎవరూ రాలేదని తెలిశాక నా చెయ్యి పట్టుకుంది.

"మా కోల్ కూడా అంతే" అంది.

"ఏంటంతే?"

"శత్రువులు కాదు. తనే. అక్కడ, కాపలా గదిలో. శత్రువు చేతిలో కాదు అని మాత్రం సైన్యం చెప్పింది, మిగతాది వాడి స్నేహితుడు ఫోన్ చేసి చెప్పాడు. ఇక్కడ ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. శవపెట్టె వచ్చినరోజు విమానాశ్రయం నుంచి ఇక్కడిదాకా రోడ్డుకి రెండు పక్కలా జనం జెండాలు పట్టుకుని నిలబడ్డారు. తుపాకులు పేల్చారు. బడి మైదానానికి వాడి పేరు పెట్టారు. వాళ్ల నాన్నకి కూడా తెలీదు, ఏదో ప్రమాదమనుకుంటున్నాడు."

నేను కోల్ శిలువ వైపు చూశాను.

"మీవాడిది ఉంచితే రేపు ఒక్కొక్కరూ అడగడం మొదలెడతారు, ఎవరెలా పోయారని" అంది. "మావాడు అక్కడ చేశాడు, మీవాడు ఇంటికొచ్చాక చేశాడు. అంతే కదా తేడా. నాకు తెలుసు. నన్ను తిట్టండి, కొట్టండి. కానీ ఎవరికీ చెప్పకండి సిస్టర్. మీ కాళ్లు పట్టుకుంటాను."

హాల్లో భోజనాలు మళ్లీ మొదలైనట్టున్నాయి, పళ్లేల చప్పుడు వినిపిస్తోంది. ఒక్క కేక వేస్తే చాలు. నా కొడుక్కి దొరకనిది ఈవిడ కొడుక్కీ లేకుండా పోతుంది. నోటిదాకా వచ్చింది, నిజంగానే వచ్చింది. మెర్ల్ అయితే ఈపాటికి చెప్పేసేవాడు.

చెప్పలేదు. మంచితనం అనుకోకండి. ఒక పేరైనా ఆ పచ్చిక మీద ఉండనీ అనుకున్నాను, అంతే. కానీ నా చేత్తో నా కొడుకుని పెకలించే పని మాత్రం నేను చెయ్యదలుచుకోలేదు.

"చెప్పను" అన్నాను. "కానీ నువ్వు పాతావు, నువ్వే పీకు. నేను చూస్తూ ఇక్కడే నిలబడతాను."

ఆవిడ మోకాళ్ల మీద కూచుంది. రెండు చేతులా పట్టుకుని లాగింది. పొద్దున బాగా లోతుగా పాతింది కదా, ఓ పట్టాన రాలేదు. కోల్ శిలువ మీద భుజం ఆనించి, ఏడుస్తూ, అటూ ఇటూ కదిపి కదిపి లాగింది. వచ్చేదాకా నేను సాయం చెయ్యలేదు.