బట్టీ దగ్గర దొర్సాఫ్

దొర్సాఫ్ చదివేది రసాయన శాస్త్రం. స్ఫాక్స్ నగరంలో మూడో ఏడు. ఆ ఏడాది ప్రతివాళ్ళూ వేరే శాఖలో ఒక పాఠం తప్పనిసరిగా తీసుకోవాలన్నారు. ఇటాలియన్‌లో చేరదామని వెళితే సీట్లు నిండిపోయాయి. సమాజశాస్త్రంలో మాత్రం కావలసినన్ని కుర్చీలు ఖాళీ.

మొదటిరోజు బోర్డు మీద ఒక్క సమీకరణమైనా పడుతుందేమోనని చూసింది. నెజిహా మేడమ్ సుద్దముక్క ముట్టుకుంటే ఒట్టు.

"పదిమంది కూడే చోట ఎక్కడైనా నిలబడండి. ఏం జరుగుతోందో చూసి రండి," అందావిడ.

"ఏం కొలవాలి మేడమ్?" అడిగింది దొర్సాఫ్.

"చూశాక నువ్వే చెప్పు."

ఇదేం చదువురా బాబూ అనుకుంది దొర్సాఫ్. ఏం చేస్తున్నావో చెప్పకపోతే ప్రయోగశాలలో గాజు గొట్టం కూడా చేతికివ్వరు. అయినా ఆ మాట జోరీగలా చెవి దగ్గర తిరుగుతూనే ఉంది.

అవి రంజాన్ చివరి రోజులు. ఆడవాళ్ళంతా పండుగ మిఠాయిలు రేకు పళ్ళేల్లో పేర్చి, కాల్పించుకోవడానికి వీధిలోని రొట్టెల బట్టీకి మోసుకెళ్తున్నారు. తమ వీధిలో అందరూ తెలిసినవాళ్ళే కాబట్టి దొర్సాఫ్ పెద్దమ్మగారి పేటకు వెళ్ళి, అక్కడి బట్టీ దగ్గర గోడవారన నిలబడింది.

అక్కడ వరుసా లేదు, కొట్లాటా లేదు. ఎవరి రేకు ముందు లోపలికి వెళ్ళాలో అందరికీ తెలుసు, ఆమెకు తప్ప. ముందొచ్చినవాళ్ళది ముందా? కాదు. పెద్దవాళ్ళదా? ఓ ముసలావిడ అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తూనే ఉంది. త్వరగా కాలే మిఠాయిదా? అదీ కాదు. తెలియని ద్రావణం రంగు మారుతుంటే కలిగే ఆత్రం లాంటిది మనసులో మొదలైంది. రెప్ప వాల్చకుండా చూసింది.

ఆ చూపే కొంప ముంచింది.

"ఏమ్మా, ఇందాకట్నుంచీ చూస్తున్నా. రేకూ లేదు, పాడూ లేదు. ఎవరి పిల్లవి నువ్వు?" గద్దించింది మన్నూబియా అనే భారీ మనిషి.

"నఫీసా మా పెద్దమ్మండీ."

"నఫీసా చెల్లెలి కూతురివా! మీ అన్నయ్యకి పెళ్ళయిందా?"

"ఇంకా కాలేదు పిన్నీ."

అంతే. మన్నూబియా పక్కావిడను మోచేత్తో పొడిచింది. చూస్తుండగానే బట్టీ దగ్గర తీరే మారిపోయింది. జుట్లు సర్దుకున్నాయి. ఒకావిడ కూతుర్ని ముందుకు తోసి, "ఈ గ్రైబా మిఠాయిలు మా ఇనెస్ ఒంటిచేత్తో చేసింది. శనగపిండి కూడా తనే వేయించింది. ఉపవాసంలో ఉన్నాం గానీ, లేకపోతే నీ నోట్లో పెట్టేదాన్ని," అంది.

"అయ్యో, నేను సంబంధాల కోసం రాలేదు పిన్నీ! చదువు పని మీద వచ్చాను."

"అవునవును. మా అత్తగారూ హమ్మాం స్నానశాలకి ఒళ్ళు రుద్దుకోవడానికే వచ్చిందట. నన్ను చూసుకుని వెళ్ళింది!" అంది మన్నూబియా. అందరూ గొల్లుమన్నారు.

సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు కబురు ఇల్లు చేరింది. "మీ అన్నయ్య అనీస్‌కి సంబంధాలు చూస్తున్నావటగా? కన్నతల్లిని, నాకూ ఒక మాట చెప్పాల్సింది తల్లీ!" అంది అమ్మ. సూప్ తాగుతున్న అన్నయ్యకు పొలమారింది.

పండుగ వెళ్ళాక తరగతిలో దొర్సాఫ్ తల వంచుకుని లేచి నిలబడింది. "ప్రయోగం చెడిపోయింది మేడమ్. నేను చూడబట్టే అక్కడ జరిగేదంతా మారిపోయింది."

కథంతా విని నెజిహా మేడమ్ కళ్ళజోడు తీసి కన్నీళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. తర్వాత నెమ్మదిగా అడిగింది: "అందరూ పిల్లల్ని చూపించారు, బాగుంది. నీకు చూపించనిది ఎవర్ని?"

దొర్సాఫ్ ఆ రోజు బట్టీ దగ్గరున్నవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. పొగ కొట్టే మూల నిలబడ్డ హాయెత్. "దాన్ని చూడకులే, మొగుణ్ణి వదిలేసి వచ్చింది," అని మన్నూబియా గుసగుసలాడింది. హాయెత్ అందరికన్నా ముందొచ్చింది. ఆమె రేకు మాత్రం అందరి తర్వాత లోపలికెళ్ళింది. ఎవరూ వెనక్కి తోయలేదు. ఆమే ఒక్కొక్కరికీ పక్కకు జరిగింది.

"చూశాను మేడమ్," అంది దొర్సాఫ్. "చూశాను గానీ పట్టించుకోలేదు."

మర్నాడు ఇంట్లో కలిపిన రొట్టెపిండి తీసుకుని మళ్ళీ వెళ్ళింది. హాయెత్ ఆ మూలే ఉంది.

"మళ్ళీ వచ్చావా? మీ అన్నయ్యకి ఎవరూ నచ్చలేదా?" అని నవ్వింది.

"ఆ గోల వదిలెయ్ అక్కా. మొన్న నువ్వే ముందొచ్చావు కదా, అందరికీ ఎందుకు దారిచ్చావు?"

"దారిచ్చానా?" నిజంగానే ఆశ్చర్యపోయింది హాయెత్. తన రేకు వంకా, ముందున్న ఆడవాళ్ళ వంకా కాసేపు చూసింది. "ఏమో మరి. ఇవాళ ఇవ్వకపోతే ఏమవుతుందో చూద్దామా?"

రేకు ఎత్తుకుని సరాసరి బట్టీ నోటి దగ్గరకు నడిచింది. దొర్సాఫ్ వెనకే వెళ్ళింది.

"ఏమిటే ఆ తొందర?" అంది మన్నూబియా.

"తొందరేం లేదు పిన్నీ. ముందొచ్చాను."

మన్నూబియా తన రేకును కాస్త పక్కకు జరిపింది. హాయెత్ రొట్టెలు లోపలికి వెళ్ళాయి.

ఆవిడ ఎందుకు ఊరుకుంది? సిగ్గుపడా, కొత్తమ్మాయి చూస్తోందనా, లేక ఇన్నాళ్ళూ ఆవిడకూ ఇది తోచలేదా? దొర్సాఫ్‌కు ఏమీ అంతుపట్టలేదు. పిండి ముద్ద చేతిలో అలాగే పట్టుకుని, మన్నూబియా పక్కకు చేరి, "పిన్నీ, ఒక మాట అడగనా?" అంది.