చేతికి దిగే నూనె

"నీ చేతికి దిగినట్టు ఇంకెవరి చేతికీ దిగదమ్మా నూనె," అన్నారు మా అత్తగారు, పొయ్యి పక్కన కూర్చుని జపచక్రం తిప్పుతూ.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి చలికాలంలో ఆ మాట విన్నప్పుడు నా ఒళ్ళు పులకరించింది. జమ్మూలో డిగ్రీ చదివి వచ్చిన పిల్లకు పొయ్యి రాజేయడం కూడా సరిగా రాదని బంధువులంతా నవ్వుకుంటున్న రోజులవి. ఆప్రికాట్ గింజలు చితక్కొట్టి, లోపలి పప్పును వేయించి, నూరి, ఆ ముద్దను గాడి చెక్కిన రాయి మీద పిసకాలి. గోరువెచ్చని నీళ్ళు చుక్కలు చుక్కలుగా చిలకరించాలి. ఎంత చిలకరించాలో ఎవరూ చెప్పరు, ముద్దే చెబుతుంది. తక్కువైతే పొడిపొడిగా విరుగుతుంది. ఎక్కువైతే పాలలా తెల్లబడి, ఇక ఎంత పిసికినా నూనెను వదలదు. సరిగ్గా కుదిరిననాడు మాత్రం, దూడను చూసిన ఆవు చేపినట్టు, ముద్ద ఒక్కసారిగా చెమర్చి నూనె గాడి వెంట జారుతుంది. అది నా చేతికి మొదటిరోజే జారింది. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఆ రాయి నాది. రాయి తప్ప మరేదీ నాది కాదని తెలియడానికి చాలా చలికాలాలు పట్టింది.

మొదట దిగిన నూనె పూజగదిలో దీపానికి. తరువాతది అత్తగారి మోకాళ్ళకు. మిగిలినదానిలో తేనెమైనం వేసి కరిగించి, చల్లారే వరకు కలియబెట్టి క్రీముగా డబ్బాలకు ఎత్తితే, అవి మా వారూ మరిదీ ఉద్యోగాలు చేసే పట్నం లేహ్‌కు వెళతాయి. బంధువుల ఇళ్ళకు, మా వారి పై అధికారి భార్యకు, మరిది పనిచేసే కార్యాలయానికి. "బజారు సరుకు కాదు సార్, మా ఇంట్లో చేస్తాం" అని మా వారు ఆ డబ్బాలు అందించడం నేను ఒకసారి కళ్ళారా చూశాను. ఆ క్రీము రాసుకున్న మొహాలు చలికాలమంతా పగలకుండా ఉంటాయని అందరూ అంటారు. నా మొహానికి మాత్రం రాయి తుడిచిన అరచేయి చాలు. రోజంతా నూనెలో నానే చేతులు మెత్తగా ఉంటాయని బయటివాళ్ళు అనుకుంటారు. రాయి మీద నుంచి లేచిన చేయి నేరుగా బూడిదలోకి, వాగులో మంచు పగలగొట్టి తెచ్చిన నీళ్ళలోకి, అక్కడి నుంచి పశువుల పాకలోకి పోతుంది. సాయంత్రానికి వేళ్ళ కణుపులు చిట్లి నెత్తురు కనిపిస్తుంది.

మా మరిది లోటుస్ పెళ్ళి చేసుకుని యాంగ్జెస్‌ను తెచ్చినప్పుడు నేను నిజంగానే సంతోషించాను. రాయి దగ్గర మరో జత చేతులు వచ్చాయనుకున్నాను. మొదటిరోజే ఆ పిల్ల ముద్ద ముందు కూర్చుని చెంబెడు నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించింది. ముద్ద తెల్లబడి జావయింది. అత్తగారు నెత్తి కొట్టుకున్నారు. "లేహ్ పిల్లలకు టీ కాయడం తప్ప ఏమొస్తుందిలే," అన్నాడు లోటుస్ మురిపెంగా. మరోసారి కూర్చోబెట్టారు, మరోసారి జావ అయింది. ఆ తరువాత ఆమెను రాయి దగ్గరకు ఎవరూ రానివ్వలేదు. "ఇక్కడుండి చేసేదేముంది? లేహ్‌కు తీసుకుపోరా. మీ అన్నకూ నీకూ వండిపెడుతుంది," అని అత్తగారు పంపేశారు. వచ్చిన పనిని పాడుచేసినవాళ్ళకు సెలవు దొరుకుతుందనీ, బాగా చేసినవాళ్ళకు మరింత పని దొరుకుతుందనీ నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు.

అప్పటి నుంచి ఆమె చలికాలాలన్నీ లేహ్‌లోనే. ఇక్కడ మా ఆడవాళ్ళ బుగ్గలు ఎండి, ఎర్రబారి, పొరలు లేచే నెలల్లో ఆమె బుగ్గలు మాత్రం అప్పుడే కోసిన పండులా ఉంటాయి. నేను పిసికిన నూనె, నేను కరిగించిన మైనం, ఆమె మొహం. దీనిని కూడా ఓర్చుకునేదాన్నేమో. కాని మా అమ్మాయి నిల్జా పదో తరగతికి లేహ్‌లో చదువుతోంది. తండ్రితో, చిన్నమ్మతో ఒకే ఇంట్లో ఉంటుంది. ఈ ఏడు చలికాలం సెలవుల్లో కూడా ట్యూషన్లని ఇంటికి రానన్నది. ఒకరోజు ఫోన్‌లో దాని మొహం చూస్తే నిగనిగలాడుతోంది.

"రోజూ రాసుకుంటున్నావా?" అన్నాను.

"నేనెందుకు రాసుకుంటాను? చిన్నమ్మే రాస్తుంది. చదువుకుంటుంటే వెనక నుంచి వచ్చి రాసేస్తుంది. తన చేతులు ఎంత మెత్తగా ఉంటాయో తెలుసా అమా? నీవి గీరుకుంటాయి."

దానికి ఏ పాపమూ తెలియదు. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. తరువాత మా వారు ఫోన్ తీసుకుని, "నువ్వు దిగులు పెట్టుకోకు. దానికి నువ్వు లేని లోటే తెలియడం లేదు," అన్నారు. ఓదార్పుగానే అన్నారు. ఆ రాత్రంతా నా కూతురి బుగ్గ మీద కదులుతున్న ఆ మెత్తని వేళ్ళే నా కళ్ళ ముందు మెదిలాయి. అసూయ మనిషిని కాలుస్తుందంటారు. నన్ను కాల్చలేదు, ఎండగట్టింది. లోపల ఎక్కడో చర్మం బిగుసుకుని, కదిలితే చాలు చిట్లుతున్నట్టుండేది.

పరీక్షలయ్యే వరకు లేహ్‌కు వస్తానని, లెక్కలూ ఇంగ్లీషూ నేనే చెప్పుకుంటానని మా వారిని అడిగాను. "నువ్వొస్తే నూనె ఎవరు తీస్తారు చోరోల్?" అన్నారు. "యాంగ్జెస్‌కు రాదు కదా."

ఆ క్రీము డబ్బాల కోసమే నిన్న, నిల్జాను స్నేహితురాలి ఇంట్లో ఉంచి, అన్నదమ్ములిద్దరూ యాంగ్జెస్‌తో కలిసి ఊరికి వచ్చారు. ఈ మధ్యాహ్నం మగవాళ్ళు పొరుగింటికి వెళ్ళారు, అత్తగారు పూజకని గొంపాకు, ఊరి బౌద్ధ మఠానికి వెళ్ళారు. నేను నీళ్ళకు వెళ్ళి, వాగు గట్టిగా గడ్డకట్టి ఉండటంతో గొడ్డలి కోసం వెంటనే తిరిగి వచ్చాను. వంటింటి గుమ్మంలోకి వచ్చి చూస్తే, యాంగ్జెస్ నా రాయి ముందు కూర్చుని ఉంది. నేను వదిలి వెళ్ళిన ముద్దను అరచేతి మొదలుతో నొక్కి, మడిచి, మళ్ళీ నొక్కుతోంది. వేళ్ళ చివరలతో నీళ్ళు చిలకరించిన తీరు చూడగానే నాకు అర్థమైంది. అది ఈ రోజు నేర్చుకున్న చేయి కాదు. గాడి వెంట నూనె దిగుతోంది. నా చేతికి దిగేదానికన్నా పలచగా, తేటగా, సులువుగా దిగుతోంది.

నన్ను చూసి ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. తరువాత దాచి లాభం లేదనుకుందేమో, మళ్ళీ ముద్ద మీద పెట్టింది.

"మధ్యలో ఆపితే పాడైపోతుంది కదా అచేలే," అంది మెల్లగా, ఎప్పటిలాగే నన్ను అక్కగా పిలుస్తూ.

"ఎవరు నేర్పారు?"

"మా అమ్మమ్మ. పాలపళ్ళు ఊడకముందే వచ్చు నాకు."

"మరి ఆ రోజు చెంబెడు నీళ్ళు?"

"పోశాను."

"తెలిసే?"

"తెలియకపోతే అన్ని నీళ్ళు ఎవరు పోస్తారు?" తల ఎత్తలేదు. "మా అమ్మకు కూడా మీలాగే మంచి చేయి. మేము పట్నానికి రాకముందు, మా ఊళ్ళో ఎవరింట్లో గింజలున్నా మా అమ్మనే పిలిచేవాళ్ళు. ఆవిడ చేయి గొప్పదని అందరూ చెప్పుకునేవాళ్ళు. నేను స్కూలు నుంచి వస్తే మా అమ్మ ఇంట్లో ఉండేది కాదు."

"అందుకని నా మీద వదిలేశావు."

"నేనూ కూర్చుంటే మిమ్మల్ని లేవనిస్తారనుకున్నారా? రెట్టింపు గింజలు తెచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టేవాళ్ళు." ముద్దను మరోసారి మడిచి, అత్తగారు వెళ్ళిన దారి వైపు చూసి అడిగింది. "అమాలేతో చెప్పేస్తారా?"

జవాబు కోసం ఆగకుండా ఆమె చేతులు కడుక్కుని బయటకు వెళ్ళిపోయింది. నేను ఆమె కూర్చున్న చోటే కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆమె బుగ్గల మీద, వేళ్ళ మీద, నా కూతురి మీద పెట్టుకున్న అసూయంతా ఆ క్షణంలో చిన్నదైపోయి, దాని స్థానంలో మరింత పెద్దది వచ్చి కూర్చుంది. నూనె నా చేతికే దిగుతుందన్న ఒక్క మాట పట్టుకుని నేను ఇన్ని చలికాలాలు గడిపాను. ఆమె చేతికి అంతకన్నా బాగా దిగుతుంది, ఆ మాట లేకుండానే ఆమె బతికింది. మెప్పు అక్కర్లేకుండా ఉండగలగడం! ఆమె చర్మం కన్నా నాకు దాని మీదే ఎక్కువ కన్ను కుట్టింది.

ఒక్క మాట చెబితే చాలు. రేపటి నుంచి ఆమె ఇక్కడ, నేను నిల్జా దగ్గర. న్యాయం కూడా నా వైపే. లేదంటే ఇంకో దారి ఉంది. పొయ్యి మీద కెటిల్‌లో నీళ్ళున్నాయి. తీసుకుని ముద్ద మీదకు వంచాను కూడా. నీళ్ళు కెటిల్ మూతి దాకా వచ్చాయి కాని నా చేయి అంతకు మించి వంగలేదు. చేతనైనదాన్ని చేతకానట్టు పాడుచేయడం నా చేతికి తెలియదు. కెటిల్ పక్కన పెట్టి ముద్దను చివరిదాకా పిసికాను. నూనె వడగట్టాను. మైనం కరిగించి డబ్బాలు నింపి మూతలు పెట్టాను.

పొద్దు వాలాక అందరం పొయ్యి చుట్టూ కూర్చుని వేడి వేడి తుక్పా చారు తాగుతున్నాం. యాంగ్జెస్ నా వైపు చూడకుండా గిన్నెలోకే చూస్తోంది.

"రేపు పై గదిలో మిగిలిన గింజల మూటలు దింపించు," అన్నారు అత్తగారు నాతో. "చలి ఇంకా ముదరకముందే అవి కూడా అయిపోతే మంచిది."

"నేను లేహ్‌కు వెళుతున్నాను అమాలే. నిల్జా పరీక్షలయ్యే దాకా అక్కడే ఉంటాను."

మా వారు చెంచా దించారు. "మళ్ళీ అదే మాటా? మరి నూనె?"

"వదినకు కూడా చేయి పోయినట్టుంది అన్నా," అన్నాడు లోటుస్. "మా యాంగ్జెస్ గాలి సోకింది."

ఎవరూ నవ్వలేదు. అత్తగారు ముందుకు వంగి నా చేతుల్ని పొయ్యి వెలుగులోకి లాగి చూశారు. చిట్లిన కణుపుల మీద ఆవిడ బొటనవేలు ఆగింది. ఆవిడ గొంతు నిజంగానే మెత్తబడింది. "నొప్పిగా ఉందా తల్లీ? ఆ ముక్క చెప్పొచ్చు కదా. నొప్పంటే ఎవరు కాదంటారు? ఈ ఏడు మానెయ్."

అందరూ నా వైపే చూస్తున్నారు, అవునంటానని ఎదురుచూస్తూ. అవునంటే అయిపోయేది. యాంగ్జెస్ కూడా ఇప్పుడు తల ఎత్తింది. ఆమె మొహంలో భయం ఉంది. నేను ఆమె పేరు ఎత్తకపోవడానికి కారణం జాలి కాదు. ఆమె దగ్గర అన్నీ ఉన్నాయి. ఆమె దగ్గర లేనిదేదైనా ఒక్కటి, నాకు మాత్రమే ఉండేది కావాలనిపించింది.

చేతులు వెనక్కి తీసుకున్నాను.

"నొప్పేమీ లేదు అమాలే. నా చేతులు బాగానే ఉన్నాయి. నూనె తీయడం నాకు వచ్చు, ఈ ఊళ్ళో అందరికన్నా బాగా వచ్చు. ఇక తీయను."