తిరగేసి కలిపిన వైరు

మా ఇంట్లో వైరు ముట్టుకునే హక్కు నాకు తప్ప ఎవరికీ లేదు. మా నాన్నకి మైకుసెట్ల షాపు ఉండేది. బొమ్మలతో ఆడుకోవాల్సిన వయసులో నేను స్పీకర్ల మధ్య పెరిగాను. మా ఆయన బల్బు మార్చాలన్నా నన్నే పిలుస్తాడు. మా ఆవిడ ఇంజినీరండీ అని పక్కింటివాళ్ళ దగ్గర వేళాకోళం చేస్తాడు గానీ, నాకు ఆ మాట వింటే లోపల గర్వంగానే ఉంటుంది. అందుకే ఈ తప్పు ఇంకొకరి మీదికి నెట్టడానికి కూడా లేదు.

మా ఆయనకి వారం మధ్యలో సెలవు. ఆ రోజు సోఫాలో కాళ్ళు బారజాపుకుని పాటలు వింటూ, పాడేవాడు గోడవతల నిలబడి పాడుతున్నట్టుందేంటి అన్నాడు. ముందు మీ చెవుల్లో గుబిలి తీయించుకోండి అన్నాను. నేను బిగించిన సెట్టుకి వంక పెడితే ఊరుకుంటానా? కానీ మాట అనేసి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంటే, నిజమే. డోలు మోగుతోంది గానీ దమ్ము లేదు. పాడేవాడి గొంతు మధ్యలో నిలవకుండా గదంతా చెదిరిపోయి, ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు.

ఒక స్పీకరు మోసుకొచ్చి రెండోదానికి ఎదురుగా, మొహానికి మొహం ఆనించి పెట్టాను. ఉన్న కాస్త దమ్మూ మాయమైపోయింది. నాకు అర్థమైపోయింది. అయినా మొండితనం కదా, గోడ గడియారంలోంచి బ్యాటరీ పీకి, స్పీకర్ల ముందు గుడ్డలు తీసి, వైర్ల కొసలకి బ్యాటరీ ఆనించి చూశాను. మా నాన్న నేర్పిన పరీక్షే. ఒక స్పీకరులో మోగే అట్ట ముందుకొచ్చింది. రెండోదానికీ అలాగే ఆనిస్తే, అందులో లోపలికి పోయింది. రెండూ కలిసి ముందుకు రావాలి, కలిసి వెనక్కి పోవాలి. ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగితే, ఒకదాని మోతని ఇంకోటి మింగేస్తుంది.

ఎక్కడ తిరగబడిందో వెతకక్కర్లేదు. గోడలకి రంగు వేయించినప్పుడు స్పీకర్ల చోటు మార్చాం. ఒకదానికి వైరు చాలకపోతే నా డబ్బాలో ఉన్న ముక్క అతికించాను. రెండు పోగులూ తెల్లవే, గుర్తుగా ఒకదాని మీద సన్నటి గీత ఉంటుంది. గీత ఉన్నదానికి గీత ఉన్నదే కలపాలి. కళ్ళజోడు అవతలి గదిలో ఉంది. వైరు కలపడానికి నాకు కళ్ళజోడెందుకని, చేతికొచ్చినట్టు కలిపేసి పైన టేపు చుట్టాను.

ఇంతేనా, విప్పి తిరగేస్తే పోయె, అన్నాడు మా ఆయన. ఇంతే. పాలు కాగేలోపు అయిపోయే పని. కానీ నేను వైరు పట్టుకుని రోజులు లెక్కపెట్టుకున్నాను. రంగులు వేయించింది పిట్ట సంగతికి ముందు.

పిట్ట మా ఆడపడుచు. సన్నగా ఉంటుందని చిన్నప్పుడు పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి రెండు జడలు వేసుకుని బడికి వెళ్ళేది. పుస్తకాలు చదివి రికార్డు చేసే కంపెనీవాళ్ళు ఒకరు ఫోనులో దీని మాట విని, ఓసారి స్టూడియోకి రమ్మన్నారు. అది సరాసరి వెళ్ళకుండా, ఒక పేజీ ఫోనులో చదివి, పెన్‌డ్రైవులో వేసి నా దగ్గరికి తెచ్చింది. పెద్ద స్పీకర్లలో విని చెప్పు వదినా, నువ్వు బాగుందంటే వెళ్తాను అంది. స్టూలు అంచున కూర్చుని నా మొహమే చూస్తూ ఉంది. నేను గరిటె చేత్తో పట్టుకునే విన్నాను.

"నీ గొంతులో దమ్ము లేదే పిట్టా. బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది. వెళ్ళి పరువు తీసుకోవడం ఎందుకు?" అన్నాను.

సరే వదినా అంది. వాళ్ళకి రానని ఫోను చేసేసి, బట్టల షాపులో బిల్లులు కొట్టే ఉద్యోగంలో చేరింది. అప్పట్నుంచి ఇంట్లో అడిగితేనే మాట. రోజంతా నిలబడి అలిసిపోతోంది పాపం అనుకున్నాను.

వైరు విప్పి, ఈసారి కళ్ళజోడు పెట్టుకుని, గీతకి గీత కలిపాను. పెన్‌డ్రైవు ఇంకా సెట్టు వెనకే ఉంది. పెట్టాను. రెండు స్పీకర్ల మధ్య, ఖాళీ గోడ దగ్గర, మనిషి కూర్చుని చదువుతున్నట్టు వచ్చింది గొంతు. నిండుగా ఉంది, తీరిగ్గా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. మా ఆయన పేపరు దించి, ఎవరీవిడ, భలే చదువుతోందే అన్నాడు. మీ చెల్లెలే అని చెప్పకుండా, మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

ఆ పెన్‌డ్రైవు పీకి చెత్తబుట్టలో పడేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. సిగ్గేసింది.

సాయంత్రం పిట్ట వచ్చి చెప్పులు విప్పుతుండగానే మొత్తం చెప్పేశాను. రంగులు, వైరు ముక్క, కళ్ళజోడు, గీత అన్నీ చెప్పాను. తప్పంతా ఆ వైరుదే అన్నట్టు గబగబా చెప్పాను. అది మంచినీళ్ళు తాగుతూ విన్నది. గ్లాసు కింద పెట్టలేదు.

"ఇయర్‌ఫోన్లలో నాకు బాగానే వినిపించింది వదినా," అంది. "కానీ నువ్వలా అన్నావు కదా."

ఇప్పుడైనా వాళ్ళకి ఫోను చెయ్యమని బతిమాలాను. అది నా మొహంలోకి చూసింది.

"వైరు సరిగ్గా ఉంటే, బాగుంది అనేదానివా?"

నాకు తల కొట్టేసినట్టయింది. దాని వంట దగ్గర్నుంచి అది వేసిన ముగ్గు దాకా నేను వంక పెట్టనిదంటూ ఉందా? పైగా ఆ రోజు అది వెళ్ళనంటే, ఇంటిపట్టున నాకు తోడుగా ఉంటుందిలే అని లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయి ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

"అనేదాన్ని కాదేమోనే," అన్నాను.

 అది అక్కడే నిలబడి ఫోను చేసింది. నేనే ఆ రోజు రానన్నదాన్నండీ, ఆ చోటు ఇంకా ఉందా అని మర్యాదగా అడిగింది. నేను కుర్చీలో కూలబడి విన్నాను. ఈసారి వంకల కోసం వినలేదు, ఊరికే విన్నాను. ఒక్కో మాటా విడివిడిగా, కుదురుగా వస్తోంది. ఇన్నేళ్ళుగా ఈ గొంతు నా ఇంట్లోనే ఉంది. అవతలివాళ్ళు చెప్పింది అంతా విని, పర్లేదండీ, థాంక్సండీ అని పెట్టేసింది.

"వేరే ఆవిణ్ణి తీసుకున్నారట," అంది. "ఆవిడ అప్పుడే ఒక పుస్తకం పూర్తి చేసిందట కూడా."

"నీ గొంతు చాలా బాగుందే," అన్నాను. అంటుంటే నాకు ఏడుపొచ్చేసింది.

పిట్ట గ్లాసు కడిగి బోర్లించింది. రేపు పొద్దున్న షిఫ్టు వదినా, తొందరగా పడుకోవాలి అని తన గదిలోకి వెళ్ళిపోయింది.