ముగ్గుపిండి మీద నిమ్మరసం

కోసిగి దగ్గరి ఆ ఊరి బడిలో ఎనిమిదో తరగతికి తెల్లపొడుల పాఠం ఏటా దీపావళి దాటాకే వస్తుంది. సరిగ్గా అప్పుడే జనం సుగ్గికి పోతారు. ఇళ్లకు తాళాలేసుకుని, గుంటూరు వైపు పత్తికీ మిరపకూ కూలికి పోతారన్నమాట. తరగతి సగం ఖాళీ. సైన్సు టీచరు శివకుమారి బస్సులో నిలబడి వచ్చి, నిలబడి పాఠం చెప్పి, మళ్లీ నిలబడే పోతుంది. ఈ ఏడు ఆమెకు గొంతు పెంచే ఓపిక కూడా లేదు.

"ఎవరింటి పొడి వాళ్లు తెచ్చినారా? పేరు చెప్పొద్దు. పరీక్ష చేసి తేల్చండి," అంది.

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అయోడిన్ చుక్కకు నల్లనీలంగా మారితే అది పిండి. మారకపోతే నీళ్లలో వేయాలి. కరిగితే ఉప్పో, సోడానో. కరగకపోతే నిమ్మకాయ పిండాలి. నురగొస్తే ముగ్గుపిండి. ఆ నురగలోంచి మాట కూడా వస్తుంది. ముగ్గు వేసిన మనిషి వేస్తూ లోపల ఏమనుకుందో అది, ఆమె గొంతుతోనే. పోయినేడు సుంకప్ప అనే పిల్లోడు తెచ్చిన పొడి వాళ్లవ్వ గొంతుతో కోడల్ని తిట్టిన తిట్లకు వెనక బెంచీ వాళ్లు చెవులు మూసుకున్నారు. శివకుమారి మాత్రం "నురగ వచ్చింది, రాసుకోండి" అని తర్వాతి పొట్లం విప్పింది.

అందుకే శివజ్యోతి పిండిడబ్బాలోంచి బియ్యప్పిండి తెచ్చుకుంది. పిండికి నోరుండదు. ఆ రోజే వాళ్లింట్లో సుగ్గికి బయల్దేరుతున్నారు. అమ్మ గిడ్డమ్మకు నడుము పట్టేసి వంగలేకపోతుంటే, పొద్దున వాకిట్లో ముగ్గు తనే వేసింది. సుగ్గికి పోయేవాళ్ల పిల్లల కోసం బడి పక్కన హాస్టలు తెరిచారు. పేరు రాసుకుంటానని టీచరు అంటే వద్దంది. "నేనూ వస్తాలే నాయనా, బడి యాడికి పోతాది" అని ఇంట్లో నాన్నకు నవ్వుతూ చెప్పింది. నాన్న చిన్న ఈరన్న కూతురి మాట నమ్మాడు. నమ్మడమే ఆయనకూ తేలిక.

శివజ్యోతి తన పొడి మీద అయోడిన్ చుక్క వేసింది. నీలం రాలేదు. ఇంకో చుక్క వేసినా రాలేదు.

అప్పుడు తట్టింది ఆ పిల్లకు. సుగ్గికి పోయే ఇంట్లో పిండంతా మూటలోకి ఎక్కుతుంది. ఖాళీ అయిన డబ్బాలో అమ్మ ముగ్గుపిండి పోసేసింది, వచ్చేదాకా చెమ్మ తగలకూడదని. పొద్దున తను వేయగా మిగిలింది కూడా అందులోనే కలిపేసి ఉంటుంది.

అంతలో వాకిలి దగ్గర చిన్న ఈరన్న. "మేడం, బిడ్డను పంపీండి. బండి వచ్చిండాది. కూలోళ్లను తీస్కపోయే మేస్త్రీ అరుస్తాండాడు."

"రవ్వంత సేపు ఉండప్పా. పరీక్ష అయిపోనీ."

"ఇది ఉప్పే మేడం. నేను పోతా," అంది శివజ్యోతి, పొట్లం మీద చెయ్యి అడ్డం పెట్టి.

శివకుమారి చిటికెడు తీసి నీళ్లలో వేసింది. కరగలేదు. పిల్ల మొహం చూసింది. ఇలా సుగ్గికి పోయి మళ్లీ బడి మెట్టెక్కని పిల్లల్ని తలుచుకుని తలుచుకుని ఆమె అలిసిపోయింది. మెల్లగా ఆ చెయ్యి పక్కకు జరిపి నిమ్మకాయ పిండింది.

నురగ పొంగింది. శివజ్యోతి పెదాలు బిగించుకునే ఉంది. ఆ పిల్ల గొంతు మాత్రం బల్ల మీది నుంచి వచ్చింది.

"నాకు రాబుద్ధి కావట్లేదు నాయనా. అమ్మ వంగలేకపోతాందని వస్తానంటి. నన్ను ఈడనే వదిలిపెట్టి పో."

నురగ అణిగిపోయింది. పక్క బెంచీ ఓబులేష్ తన పుస్తకంలో 'ముగ్గుపిండి' అని రాసుకున్నాడు. చిన్న ఈరన్నకు సిగ్గేసింది. బిడ్డే వస్తానంటాంది, మేం రమ్మనలేదని ఊరంతా చెప్పుకున్న మనిషి మరి. బయట బండి హారన్ ఆగకుండా మోగుతోంది.

"మరి అమ్మ..." అంది శివజ్యోతి.

"చేన్ల మీయమ్మ కోయాల్సిన సాలు గూడా నేనే పట్టుకుంటాలే."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని టీచరు వైపు తిరిగాడు.

"మేడం, ఆ హాస్టల్ల పండుకునేకి చాప మీరే ఇస్తారా, బండిలోంచి మా మూట దింపాల్నా?"